బావగారి తగ్గింపు

జూలై 1, సోమవారం

బామ్మర్దికి,

మనల్ని మట్టితో చేసి, మట్టేనని రోజూ గుర్తుచేసే దేవుని పేరట నీకూ, మంచం పట్టిన మీ ఆవిడకూ వందనాలు.

మీ అక్క నీ దగ్గరికి బయల్దేరి నాలుగు రోజులైంది. మీ ఆవిడకు నడుం పట్టేసి పక్కమీంచి లేవలేకపోతోందని కబురొచ్చిందట. చెప్పిందే తడవు ‘వెళ్ళిరా’ అన్నాను. ఇల్లెవరు చూస్తారు, వంటెవరు చేస్తారు అని ఒక్క మాట అడగలేదు. ఒకరి భారం ఒకరు మోయమని గలతీయులకు రాసిన పత్రికలో ఉంది కదా. నిన్న ఆదివారం సంఘంలో మీ ఆవిడ నడుం కోసం ప్రార్థన పెట్టించాను. పేరు బయటపెట్టలేదు. ‘మా బామ్మర్ది భార్య నడుం’ అన్నానంతే.

ఫోను చెయ్యక ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. మూడు నెలలు ఫోను ముట్టకూడదని తీర్మానించుకున్నాను. అది చేతిలో ఉన్నంతసేపూ, నేను లేకపోతే లోకం ఆగిపోతుందన్న పొగరు తలకెక్కుతోంది. అందుకని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, వేసిన సంగతి సంఘంలో అందరికీ చెప్పాను.

ఇక్కడ సంఘమంతా మేలుకొని ఉజ్జీవం మొదలైందిరా! విందుకు పిలిస్తే చివరి చోటులో కూర్చోమని ప్రభువు చెప్పిన మాట మీద మే నెలలో నేను ప్రసంగించాను. ప్రసంగించి ఊరుకోలేదు. మరుసటి ఆదివారానికల్లా సంఘంలో పెద్దలతో పాటు వేదిక మీద నేను కూర్చునే బల్ల కాళ్ళు నాలుగు వేళ్ళ మేర రంపంతో కోసేశాను. వడ్రంగిని కదా, వాక్యం నా చేతిలోకి వస్తే పనైపోవాల్సిందే. అందరికంటే నాలుగు వేళ్ళు కిందికి కూర్చున్నాను. ఆ వారంలోనే ఏడుగురు తమ బల్లలు నా కొట్టుకు మోసుకొచ్చారు.

నెలకోసారి తగ్గింపు సాక్ష్యాలు కూడా పెట్టాం. ఆ నెలలో ఎవరెవరు ఎలా తగ్గించుకున్నారో నిలబడి చెప్పాలి. మనిషికి రెండు నిమిషాలు. మొన్న ఇరవై మూడున నాకు మాత్రం పావుగంట ఇచ్చారు.

మీ అక్కను ఎక్కువ రోజులు ఉంచుకోకు. టీపొడి ఏ డబ్బాలో ఉందో అడిగి రాయి.

ఇట్లు,
అందరిలోకీ అల్పుడు, ఎందుకూ కొరగాని పనిముట్టు,
మీ బావ


జూలై 5, శుక్రవారం

బావగారికి,

అందరం క్షేమం. మా ఆవిడ నడుం మరీ క్షేమం. మీ ఉత్తరం వచ్చేసరికి ఆవిడ ఒక్కతే బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరుపుతోంది. తన నడుం కోసం ఒక సంఘమంతా ప్రార్థన చేసిందని చదివి వినిపిస్తే, “ఎవరి నడుం? ఎప్పుడు పట్టింది? నాకు చెప్పరేం?” అని నా మీద విరుచుకుపడింది.

మేమెవరం కబురు పంపలేదు బావా. అక్క పెట్టె పట్టుకుని దిగినప్పుడు మాతో చెప్పింది వేరు. “మీ బావ నలభై రోజుల మౌన ధ్యానంలో ఉన్నార్రా. ఇంట్లో అలికిడి ఉండకూడదట. నన్ను ఇక్కడికి పొమ్మన్నారు” అంది. దేవుడితో మాట్లాడుకోవడానికి పెళ్ళాన్ని ఇంట్లోంచి పంపించే మనిషేమిటని వారం రోజులుగా మిమ్మల్ని లోలోపల తిట్టుకుంటున్నాను. అంటే మీకు ఒక అబద్ధం, మాకు ఒక అబద్ధం చెప్పి, ఆవిడ మాత్రం మా బాల్కనీలో హాయిగా కూర్చుని చిరిగిన దుప్పట్లు కుడుతోంది.

“ఏమైందే?” అని అడిగాను. పళ్ళతో దారం తెంపి, “మీ బావనే అడుగు. ఆయనకు తెలియనిది ఉందా?” అంది.

కాబట్టి అడుగుతున్నాను. ఏమైంది?

మీ బల్లల సంగతి చదివాక నాకొక సందేహం వచ్చింది. నేను రోజూ లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మనుషుల్ని కిందికి దించడం సులువే, మళ్ళీ పైకి ఎక్కించే ఏర్పాటు లేకపోతేనే గొడవ. అంత కిందికి కూర్చున్న ముసలివాళ్ళు లేచేదెలా?

టీపొడి ఎప్పుడూ ఉండేచోటే ఉందట. ‘ఆ చోటు ఆయనకు తెలియదు, తెలియనీ’ అని కూడా అంది. రాయొద్దంది, రాసేశాను.

మీ
బామ్మర్ది


జూలై 8, సోమవారం

బామ్మర్దికి,

హృదయాన్ని పరిశోధించేవాని పేరట.

నీ ఉత్తరం చదివి వెంటనే కొట్టు మూసి, మోకాళ్ళూని, రెండు గంటలు నన్ను నేను పరీక్షించుకున్నాను. ఏమీ దొరకలేదు.

మీ అక్క మీద చెయ్యెత్తానా? గొంతెత్తానా? ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఎన్ని మాటలన్నా నేను ఒక్కదానికైనా బదులు పలికినవాణ్ణి కాదు. గొర్రె బొచ్చు కత్తిరించేవాని యెదుట నోరు తెరవనట్టు ఉన్నాను. నిజానికి మొన్నటి నా సాక్ష్యం కూడా దీని గురించే. నీ దగ్గర దాచడమెందుకు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివి నువ్వే చెప్పు.

“సహోదరులారా, ఈ సహనం మీకెక్కడ దొరికిందని నన్ను అడుగుతారు. అరణ్యంలో కాదు, మా ఇంట్లోనే దొరికింది. నా ఉలికి సానరాయి ఎలాగో నాకు నా భార్య అలాగ. ఇరవై రెండేళ్ళుగా దేవుడు నన్ను ఆమె నోటి మీద పెట్టి సానబడుతున్నాడు. పైకప్పు కారుతోందని సాధిస్తుంది, నేను చిరునవ్వు నవ్వుతాను. పంపు పాడైందని సాధిస్తుంది, నేను కళ్ళు మూసుకుని స్తోత్రం అంటాను. ఆమె లేకపోతే నేనింత తగ్గేవాణ్ణా?” అన్నాను.

జనం పడి పడి నవ్వారు. తర్వాత ఏడ్చారు. పాస్టరు గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇందులో మీ అక్కకు అవమానం ఎక్కడుందిరా? నా ఆత్మీయతకు కారణం ఆమేనని నిండు సంఘంలో చెప్పాను. ఏ మొగుడు చెప్తాడు?

బహుశా సాక్ష్యం చెప్పే అవకాశం తనకు రాలేదని నొచ్చుకుని ఉంటుంది. ఆడవాళ్ళకు కూడా ఒక ఆదివారం కేటాయించమని పెద్దలతో మాట్లాడతాను. ఆమె చెప్పిన అబద్ధాలు రెంటినీ నేను అప్పుడే క్షమించేశాను. ఆ మాట చెప్పు, మనసు తేలికపడుతుంది.

ఇక ముసలివాళ్ళ గురించి అడిగావు. మా సంఘంలో ఊతకర్ర మామ్మగారని ఒకావిడ ఉన్నారు. నిన్న కూర్చున్నాక లేవలేకపోయారు. ముగ్గురం పట్టి పైకి లాగాం. చూసేవాళ్ళకు అది పునరుత్థానంలాగే కనిపించింది. నాతో పోటీ పడి, సంఘ పెద్దల్లో ఒకడైన మా దర్జీ పెద్ద తన బల్ల జానెడు కోయించుకున్నాడు. పోటీ మనసు అతనిది, నాది కాదు. నేను చాప మీదికి దిగిపోయాను.

ఇట్లు,
ఇంకా కిందికి దిగాలని ఆరాటపడే
మీ బావ


జూలై 13, శనివారం

బావగారికి,

మీరు క్షమించారన్న మాట అక్కకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

వింది. కుట్టు పక్కన పెట్టింది. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళింది. మూడు గంటల తర్వాత వచ్చి, మా వీధి చివరి బైండింగు కొట్టులో పనికి కుదిరానని చెప్పింది. పుస్తకాలు కుట్టే పని. ఎల్లుండి సోమవారం నుంచి వెళ్తుంది. అదీ కాక, ఆ కొట్టు పైన ఒక గది వచ్చే నెల పన్నెండున ఖాళీ అవుతుందట, అది చూసి వచ్చింది. ఒక కిటికీ, ఒక పొయ్యి, గోడకు ఒక అలమర. “నాకు చాలు” అంది. ‘నాకొక్కదానికి’ అనలేదు. కానీ ఒక్క అలమర చాలన్నదంటే అర్థం అదే కదా.

అప్పుడు నేను కూర్చోబెట్టి అడిగాను. చెప్పింది. మీరు ఉన్నదున్నట్టు రాశారుగా, నేనూ అలాగే రాస్తున్నాను, చదవండి.

“పైకప్పు కారుతోందని నాలుగుసార్లు చెప్పానురా. నవ్వారు. ఐదోసారి చెప్పలేదు, నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. నేను పైన తారు పూస్తుంటే ఆయన కింద గదిలో సహనం మీద ప్రసంగం రాసుకుంటున్నారు. నాకు జ్వరం పదిరోజులు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దామా అన్నాను. కళ్ళు మూసుకున్నారు. బదులు చెప్పకపోవడం తగ్గింపని ఆయన అనుకున్నారు. గోడతో కాపురం చేస్తున్నానని నేననుకున్నాను. అదైనా సరే, ఇంట్లో సంగతి ఇంట్లో ఉంది. ఆ రోజు వందమంది నవ్వారు. నవ్విన వాళ్ళలో సగంమందికి నేను కష్టకాలంలో భోజనం మోసుకెళ్ళిచ్చాను.”

ఇక నా మాట. నేను ప్రసంగీకుణ్ణి కాను, ఆదివారం పూట వెనకెక్కడో కూర్చునేవాణ్ణి. కానీ ఆ పుస్తకం నేనూ చదివాను బావా. ప్రభువు పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగాడు. కడిగి పక్కూరికెళ్ళి, ఎవరి కాళ్ళు ఎంత కంపుకొట్టాయో చెప్పి జనాన్ని నవ్వించలేదు. మాట అడిగితే బదులివ్వని మనిషి కిందికి దిగిన మనిషి కాడు. మిద్దె మీంచి చూస్తున్న మనిషి. ఎన్ని జానలు కోసినా ఆ మిద్దె మీరు దిగలేదు.

ఆవిడకు ఏం కావాలని అడిగాను. “ఏమీ అక్కర్లేదు” అంది. అలా అన్నదంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది మంచి సూచన కాదు. పన్నెండో తారీకు గుర్తుంచుకోండి.

మీ
బామ్మర్ది


జూలై 22, సోమవారం

నా ప్రియమైన బామ్మర్దికి,

విరిగి నలిగిన హృదయాన్ని తోసెయ్యని దేవునికే మహిమ! మహిమ! మహిమ!

ప్రవక్త నాతాను దావీదు రాజు ఎదుట నిలబడి ఆ మనుష్యుడవు నీవే అన్నట్టు నీ ఉత్తరం నన్ను గుచ్చింది. మూడు రోజులు ముద్ద దిగలేదు. నేను తప్పు చేశాను. అందరి ముందు చేశాను. కనుక అందరి ముందే దిద్దుకోవాలి. నిన్న దిద్దుకున్నాను.

బైబిల్లో పశ్చాత్తాపపడ్డవాళ్ళలా గోనెసంచి కట్టుకున్నాను. ముందురోజే దాన్ని ఉతికి ఆరేసి, చూసేవాళ్ళకు ఇబ్బంది లేకుండా ఇస్త్రీ చేయించాను. ఆరాధన మొదలవగానే ద్వారం దగ్గర్నుంచి వేదిక దాకా మోకాళ్ళ మీద నడిచాను. బోర్లా పడుకున్నాను. ఆ భంగిమలో మాట సరిగ్గా వినిపించడం లేదని ఎవరో మైకు కిందికి దించారు. నలభై నిమిషాలు మాట్లాడాను. “భర్తలందరిలో పరమ నీచుణ్ణి నేను” అన్నాను. జనం వెక్కి వెక్కి ఏడ్చారు.

అంతలో దర్జీ పెద్ద లేచాడు. “కాదు, నేను ఇంకా నీచుణ్ణి” అన్నాడు. నాకంటే నువ్వెలా అవుతావని నేనడిగాను. “మీరు నవ్వారంతే, నేను మా ఆవిడ మీదికి కత్తెర విసిరాను” అన్నాడు. కాసేపు వాదన జరిగింది. పాస్టరు గారు కల్పించుకుని ఇద్దరం సమానమేనని తీర్పు చెప్పారు. నేను ఒప్పుకున్నాను, అదీ తగ్గింపే కదా.

దీని ఫలం చూడు. పొరుగు సంఘాలు మూడు నన్ను పిలిచాయి! కరపత్రం కూడా అచ్చు వేయించారు, ఇందులో పెట్టి పంపుతున్నాను. ‘తగ్గించుకున్న భర్త: కన్నీటి సాక్ష్యం’ అని పెద్ద అక్షరాలు. ఫొటోలో గోనెపట్ట బాగా వచ్చింది. మొదటి సభ ఇరవై ఎనిమిదిన. మీ అక్క ఆ సాయంత్రానికల్లా వచ్చి వేదిక మీద నా పక్కన కూర్చుంటే చాలు. ఆమె ఏమీ మాట్లాడనక్కర్లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుంటాను, అంతే. ఎన్ని కాపురాలు బాగుపడతాయో!

ఆమె కోరింది జరిగిపోయింది కనుక ఆ గది వద్దని చెప్పెయ్యమను.

ఇట్లు,
ధూళిలో ధూళి,
మీ బావ


జూలై 25, గురువారం

బావగారికి,

ఇరవై ఎనిమిదిన అక్క రాదు. వేదిక మీద ఆవిడ కుర్చీలో మీకిష్టమైన వాళ్ళని కూర్చోబెట్టుకోండి, దర్జీ పెద్దగారైనా సరే.

కరపత్రం ఆవిడ చూసింది. అటూ ఇటూ తిప్పింది. గోటితో కాగితం మందం చూసింది. “మంచి కాగితం. అట్ట లోపల అతకడానికి పనికొస్తుంది” అని కొట్టుకు పట్టుకెళ్ళింది. సాయంత్రం వచ్చి గది ఖాయం చేసుకున్నానని చెప్పింది. మా ఆవిడ ఏడ్చింది. అక్క ఏడవలేదు. “మొదట నేను ఆయనకు సానరాయిని. ఇప్పుడు అద్దాన్ని. మనిషిని ఎప్పుడవుతానురా?” అని అడిగింది. మీ దగ్గర బదులుంటే పంపండి.

బావా, నాకు ఒళ్ళు మండిపోతోంది. వయసులో చిన్నవాణ్ణని ఆపుకోను. మీరు తప్పు చేసింది ఒక్క మనిషికి. క్షమాపణ అడిగింది వందమందిని. ఆ వందమందీ ఇట్టే క్షమించారు, వాళ్ళదేం పోయింది? ఆ ఒక్క మనిషికి మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. నాకు రాస్తున్నారు. నేను చదివి వినిపిస్తున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య నేను మైకునయ్యాను.

సిరియా సేనాధిపతి నయమాను సంగతి మీరే ఒకసారి మా ఇంట్లో చెప్పారు. కుష్ఠుతో వచ్చినవాణ్ణి ప్రవక్త వెళ్ళి ఏట్లో మునగమన్నాడు. ఆయనకు కోపమొచ్చింది. ఇంకేదైనా గొప్ప పని చెప్పుంటే చేసేవాడని పనివాళ్ళు అన్నారు. మీదీ ఆ జబ్బే. గోనె కట్టమంటే కడతారు, మోకాళ్ళ మీద నడవమంటే నడుస్తారు, బల్ల కాళ్ళేం ఖర్మ, చెప్తే సంఘానికి పునాది కూడా తవ్వేస్తారు. ‘నాదే తప్పు’ అని పెళ్ళాంతో గదిలో చెప్పమంటే మాత్రం ఆ ఏరు మీకు మరీ చిన్నదిగా కనిపిస్తుంది.

ఇకమీదట కరపత్రాలు పంపకండి. మిమ్మల్ని అవమానించాలని రాయడం లేదు. నాకు ఉన్నది ఒకే అక్క. ఒకే బావ.

మీ
బామ్మర్ది


జూలై 31, బుధవారం

బామ్మర్దికి,

నీ ఉత్తరానికి తొమ్మిది పేజీల జవాబు రాశాను. నలభై వాక్యాలు ఎత్తి రాశాను. ఎక్కడ చూసినా నేనే గెలిచాను. దాన్ని పోస్టు చెయ్యడానికి వెళ్తూ దారిలో ఊతకర్ర మామ్మగారి ఇంటికి వెళ్ళాను. మూడు వారాలుగా ఆవిడ సంఘానికి రావడం లేదు. విశ్వాసంలో చల్లారిపోయారేమో, నాలుగు మాటలు చెప్పి నిలబెడదామని వెళ్ళాను.

మామ్మగారు తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నారు. “నీ బల్లల మీద కూర్చుంటే నేను లేవలేను నాయనా. ఇదివరకు మీ ఆవిడ లేపేది. నీ ప్రార్థన ముగిసే లోపలే నా చంక కింద చెయ్యి వేసి ఉంచేది. నీ ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు కదా, పాపం ఆ చెయ్యి అలాగే ఉండేది” అన్నారు.

నేను అన్నాను: “మా ఆవిడ మీ పక్కన కూర్చోదు కదండీ. ముందు వరసలో పాటలు పాడేవాళ్ళతో కూర్చుంటుంది.”

ఆవిడ నా మొహం చూశారు. “పదకొండేళ్ళ నుంచి నా పక్కనే కూర్చుంటోంది. తలుపు పక్కన, గాలి కొట్టే చోట. నీకు తెలియదూ?” అన్నారు.

నాకు తెలియదు. నేను వేదిక మీంచి ప్రతి ఆదివారం ఆ జనాన్ని చూస్తూనే ఉన్నాను. ఎవరు ఆవులించారో చెప్పగలను. ఎవరు ఏడ్చారో చెప్పగలను. నా భార్య ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలియదు. చివరి చోటు గురించి ప్రసంగించిన రోజున కూడా ఆమె అక్కడే కూర్చుని వింది.

ఇంటికొచ్చి ఆ తొమ్మిది పేజీలు పొయ్యిలో పెట్టాను. ఇరవై ఎనిమిదిన సభకు వెళ్ళలేదు. ఆరోగ్యం బాలేదనలేదు, రానని చెప్పానంతే. రెండు రోజులు ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. నోరు తెరిస్తే వేదిక గొంతే వస్తోంది. వాక్యం తర్వాత వాక్యం చక్కగా అమరిపోతోంది. వినేవాళ్ళు లేకపోతే నాకు ప్రార్థన రాదని తెలిసింది. చివరికి సువార్తలో దూరంగా నిలబడ్డ సుంకరి అన్న ఆ ఒక్క మాట వచ్చింది, పాపిని, కరుణించమని. అనేసి, ఎవరైనా విన్నారా అని కిటికీ వైపు చూశాను.

సంఘంలో బల్లలన్నీ ఒక్కొక్కటే కొట్టుకు తెచ్చి కాళ్ళకు ముక్కలు అతుకుతున్నాను. అతుకులు కనిపిస్తున్నాయి.

మీ అక్కను ఒక్కటి అడుగు. నేను రావచ్చా? వచ్చి తీసుకెళ్తానని కాదు. రావచ్చా అని. వద్దంటే వద్దని రాయి. నేను మళ్ళీ అడగను.

మీ బావ


ఆగస్టు 3, శనివారం

బావగారికి,

ఈసారి నేను చదివి వినిపించలేదు. ఉత్తరం ఆవిడ చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాను.

వంటింటి గట్టు దగ్గర నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కుళాయి కట్టడం మర్చిపోయింది, మా ఆవిడ వెళ్ళి కట్టింది. మామ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదేమని అంది. తర్వాత నన్ను పిలిచింది.

“ఇది సంఘంలో చదివారా?”

“నాకెలా తెలుస్తుందే?” అన్నాను.

“కనుక్కో. రావచ్చా వద్దా అన్నది తర్వాత.”

ఆవిడ ఆ మాట కోపంగా అనలేదు బావా. భయంగా అంది. మీరు మారలేదేమోనన్న భయం కాదు. మారారని నమ్మి, వచ్చే ఆదివారం ఆ మార్పును మైకులో వినాల్సి వస్తుందేమోనన్న భయం.

గది సోమవారం తర్వాతి సోమవారం నుంచి ఆవిడది. పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నిజం రాయండి. ఏదైనా సరే.

మీ
బామ్మర్ది


ఆగస్టు 6, మంగళవారం

బామ్మర్దికి,

చదవలేదు. ఎవరికీ చూపించలేదు.

ఇంతటితో ఆపితే అది నిజమే, కానీ నిజం మొత్తం కాదు.

ఆ ఉత్తరం పోస్టు చేసే ముందు దానికి నకలు తీసుకున్నాను. మంచి అక్షరాలతో. ఎందుకని నన్ను నేను అడగలేదు. దాన్ని బైబిల్లో పెట్టుకున్నాను. దర్జీ పెద్ద కొట్టుకు వచ్చి, “ఏమిటండీ ఆ కాగితం?” అన్నాడు. “ఏం లేదు” అని చెయ్యి అడ్డం పెట్టాను. అతను ఇంకోసారి అడిగితే బావుండునని అనుకున్నాను. అడగలేదు. నిరాశపడ్డాను.

‘ఎవరైనా విన్నారా అని కిటికీ వైపు చూశాను’ అని నీకు రాశాను చూడు, అది నిజంగా జరిగింది. కానీ రాస్తున్నప్పుడు, ఈ మాట వేదిక మీద చెప్తే జనం కదిలిపోతారు అనిపించింది. మామ్మగారి గుమ్మం దగ్గర నా గుండె బద్దలవుతున్నప్పుడు కూడా లోపల ఒకడు కూర్చుని, ఇది మంచి ఉదాహరణ అని రాసుకుంటున్నాడు. వాడు చావడం లేదురా. గోనె కట్టుకుంటే వాడే ముందు కట్టుకుంటున్నాడు. నేనెంత కిందికి దిగితే వాడు నాకంటే ముందే అక్కడికి చేరి ప్రసంగం మొదలుపెడుతున్నాడు. ఇదిగో, ఈ వాక్యం కూడా వాడికి నచ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా లోకాన్ని బాగుచేస్తున్నాను. నన్ను బాగుచేసుకోవడం నా వల్ల కాదు. అది దేవుడు చెయ్యాల్సిందే. చేస్తాడో లేదో, ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు.

నకలు చించేశాను. చించానని నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

మీ అక్కతో చెప్పు, మనిషి ఇలాంటివాడు. మారిపోయి రావడం లేదు. మామ్మగారి కుడి మోకాలు వాచి ఉంది, ఎడమది పరవాలేదు. వెళ్ళి అడిగి వచ్చాను.

మీ బావ


ఆగస్టు 9, శుక్రవారం

బావగారికి,

మీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. అక్క బైండింగు కొట్టు నుంచి అప్పుడే వచ్చి చేతుల జిగురు కడుక్కుంటోంది. తడి చేత్తోనే విప్పింది. నేనూ మా ఆవిడా కంచాల ముందు అన్నం కలపకుండా కూర్చున్నాం.

సగం చదివేసరికి ఆవిడ భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తోందనుకున్నాను. మా ఆవిడ కంగారుగా నీళ్ళు తెచ్చింది. చూస్తే నవ్వుతోంది బావా! గట్టిగా, గోడకు జారబడి, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా. దర్జీ పెద్ద రెండోసారి అడగలేదని నిరాశపడ్డ దగ్గర ఆగలేకపోయింది. “అడగలేదట్రా! పాపం, అడగలేదట!” అని పొట్ట పట్టుకుంది. ఆవిడ నవ్వు విని ఎన్నేళ్ళయిందో లెక్క వేయబోయి మానుకున్నాను.

తర్వాత మొహం తుడుచుకుని ఉత్తరం మడిచి తన కుట్టు డబ్బాలో పెట్టుకుంది. నాకివ్వలేదు. “ఇరవై రెండేళ్ళకు ఒక్క మాటకు బదులిచ్చారు” అంది. డబ్బా మూత పెట్టి, “రమ్మను” అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గది వదులుకోలేదు. సోమవారం తాళంచెవి తీసుకుంటానంది. మీతో వస్తుందో, ఆ గదిలో ఉంటుందో అడిగితే, “ముందు మనిషిని చూడనీ” అంది. పెట్టె సర్దడం మాత్రం ఆపింది. సగం చీరలు లోపల, సగం బయట. దాన్నిబట్టి మీరే అర్థం చేసుకోండి.

ఈ ఉత్తరం బస్సులో ఇచ్చి పంపుతున్నాను, రేపటికల్లా అందుతుంది. ఆదివారం ఎవరికీ చెప్పకుండా బయల్దేరండి. నేను బస్సు దగ్గరికి రాను. అక్కే వస్తానంది. దారిలో ఏం మాట్లాడాలో తయారు చేసుకోకండి.

మీ
బామ్మర్ది